పేరెత్తని ప్రార్థన

...అదే కదా ఇప్పుడు మాట. ముసుగు తగిలించుకుని ఒకడి ఎముకలు ఇంకొకడు పటపటా విరిచే ఆ చీకటి సినిమాలు దేవుణ్ణి నమ్ముకున్నవాళ్ళు చూడొచ్చా, చూడకూడదా? ఎవరినడిగినా జవాబు నాలుక చివరే ఉంటుంది. చూడకూడదనేవాళ్ళు అడిగిన మనిషిని ఎగాదిగా చూసి చెప్తారు. చూడొచ్చనేవాళ్ళు ఓస్ ఇంతేనా అన్నట్టు నవ్వేసి చెప్తారు. మీరూ ఏదో ఒకటి అనుకునే ఉంటారు. తప్పేం లేదు. కాకపోతే ఆ జవాబు కాసేపు నోట్లోనే పెట్టుకోండి. జిప్పులక్క సంగతి విన్నాక అందురుగాని.

జిప్పులక్కకి కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది. బల్ల ముందు కూర్చున్నాక అది కాస్తా ఊడిపోయింది. పెద్ద రోడ్డు మీద దుకాణాల మేడ ఒకటుంది. పైన పళ్ళ డాక్టరు, కింద కళ్ళజోళ్ళ దుకాణం, పక్కనుంచి మెట్లు. ఆ మెట్ల కిందున్న ఏటవాలు సందులో ఆవిడ బల్ల. కప్పు వంగి ఉంటుంది కాబట్టి ఎవరొచ్చినా నుదురు కొట్టుకోవాల్సిందే. అందుకని చేతిలో పని మీంచి కళ్ళెత్తకుండానే ఆవిడ "తల!" అంటుంది. అదే ఆవిడ పలకరింపు. కొత్తవాళ్ళు ఉలిక్కిపడతారు. పాతవాళ్ళు వంగి వచ్చి స్టూలు లాక్కుని కూర్చుంటారు.

సంచులు, సూట్‌కేసులు, బడి బ్యాగులు, జర్కిన్లు, ఏదైనా సరే, వచ్చినవాళ్ళందరూ ఒకటే పాట పాడతారు: "జిప్పు పోయిందక్కా, కొత్తది వేసెయ్." ఆవిడ ఒప్పుకోదు. సంచి మొత్తం తెరిచి, లోపలి గుడ్డ బయటికి తిప్పి, పళ్ళ వరస మీద వేలు నడిపించి చూస్తేగాని నోరు విప్పదు. చాలాసార్లు పోయేది జిప్పు కాదు, రన్నరు. అంటే మనం పట్టుకుని లాగే ఆ చిన్న ముక్క. వాడగా వాడగా దాని నోరు సాగిపోతుంది. ముందుకు నడుస్తుందిగాని వెనకాల పళ్ళు మూతపడవు. పట్టకారుతో దాన్ని ఓ నొక్కు నొక్కి, పళ్ళ మీద కొవ్వొత్తి ముక్క రుద్ది, సర్రున లాగి చూపిస్తుంది. "చూడకుండా చెప్పకూడదమ్మా" అంటుంది. ఆవిడ కొంప ముంచింది ఈ మాటే.

ఆ బల్ల మొదట ఆవిడ భర్తది. ఒకరోజు సాయంత్రం బల్ల మూసి, సైకిలు నడిపించుకుంటూ ఇంటికొస్తుంటే మలుపులో లారీ కొట్టింది. కొట్టి ఆగలేదు. ఎవరిదో, ఎక్కడిదో, నడిపినవాడెవడో ఈనాటికీ తెలీదు. కూతురు అప్పటికి బళ్ళో చదువుతోంది. ఆయన వెనకాల ఓ పట్టకారు, డబ్బా నిండా రన్నర్లు, సగం కుట్టిన సంచులు మిగిలాయి. ఆవిడ కళ్ళు తుడుచుకుని వచ్చి ఆయన స్టూలు మీదే కూర్చుంది.

కొన్నాళ్ళకి ఒక ఆదివారం చర్చిలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పింది. "ఆ లారీ నడిపినోడు ఎవడో నాకు తెలీదు. ఎవడైతేనేం, వాణ్ణి నేను క్షమించేశాను" అంది. గొంతు వణకలేదు. ముందు వరసలో ఉన్నవాళ్ళు ఏడ్చేశారు. ఆ రోజుతో ఆవిడ సంఘంలో ఒక మనిషయింది. పాస్టరుగారిని అక్కడందరూ అయ్యగారనే అంటారు. అయ్యగారు ప్రసంగంలో క్షమాపణ మాట ఎత్తినప్పుడల్లా ఆవిడ కూర్చున్న వైపు చెయ్యి చాచేవారు. ఎక్కడినుంచైనా కొత్త బోధకులొస్తే "నేను చెప్పిన అక్క ఈవిడేనండి" అని చూపించేవారు. పిల్లల ఆదివారం క్లాసు కూడా అలా వచ్చి ఒళ్ళో పడింది. వారమంతా మెట్ల కింద నడుం వంచుకుని కూర్చునే మనిషి, ఆదివారం పొద్దున చర్చి పక్కగదిలో నిటారుగా నిలబడి "టీచర్" అనిపించుకునేది. ఆ పిలుపు కోసం ఆవిడ శనివారం నుంచే చీర ఇస్త్రీ చేసి పెట్టుకునేది.

పిల్లలకి బైబిలు కథలు చెప్పడానికి సంచుల్లో మిగిలిన గుడ్డముక్కలతో బొమ్మలు కుట్టింది. గొర్రెలు కాసే కుర్రాడొకడు, వాడు ఒడిసెలతో పడగొట్టే తాటిచెట్టంత మనిషొకడు. ఆ పెద్దోడి మెడ చుట్టూ ఆవిడ జిప్పు పెట్టింది! కథ చివర సర్రున లాగితే తల ఊడి చేతికొస్తుంది. ఇంకెవరికి తట్టేనూ ఆ ఆలోచన? పిల్లలకి అదంటే ప్రాణం. కథ సగంలో ఉండగానే "తల తీయండి టీచర్, తల తీయండి!" అని గోల చేసేవాళ్ళు. తల ఊడగానే గది దద్దరిల్లేటట్టు చప్పట్లు.

ఇలా ఉండగా ఇనుప ముసుగోడి సినిమా వచ్చింది. ఎక్కడ చూసినా వాడి పోస్టర్లే. కళ్ళజోళ్ళ దుకాణం అద్దానికి ఎదురుగా కూడా ఒకటి అంటించారు. పెద్దపిల్లలు ఎగబడి చూస్తున్నారని అయ్యగారికి తెలిసింది. ఆదివారం ప్రసంగంలో గట్టిగానే చెప్పారు. కంట్లోంచి లోపలికెళ్ళింది ఊరికే పోదని, రక్తం చూసి ఈలలు వేయడం అలవాటైన మనసుకి ప్రార్థన రుచించదని అన్నారు. ఆయన మాటల్లో నిజం లేకపోలేదు. జిప్పులక్క కూడా తలూపింది.

పై వారం క్లాసులో ప్రశ్నల పిల్ల చెయ్యెత్తింది. ఆ పిల్ల నోరు తెరిస్తే ప్రశ్నే. ఇంట్లోవాళ్ళు పెట్టుకున్న పేరు కూడా అదే.

"టీచర్, ఇనుప ముసుగోడి సినిమా చూస్తే పాపమా?"

"అయ్యగారు చెప్పారు కదమ్మా."

"మా అన్నయ్య చూశాడు. ఆ ముసుగోడు చెడ్డోళ్ళనే కొడతాడంట. మీరు ఈ పెద్దోడి తల తీస్తే మేమందరం చప్పట్లు కొడతాం కదా. అక్కడ కొడితే పాపం, ఇక్కడ కొడితే కాదా?"

జిప్పులక్క ఒక చేతిలో మొండెం ఉంది, ఇంకో చేతిలో తల. రెంటినీ చూసుకుంది. పిల్లలందరూ ఆవిడ మొహంలోకే చూస్తున్నారు.

"చూడకుండా ఏం చెప్పనమ్మా" అంది, బల్ల దగ్గర అలవాటైన మాట కాబట్టి. "చూసొచ్చి చెప్తా."

అన్నాక తప్పుతుందా! కూతురు ఆ కళ్ళజోళ్ళ దుకాణంలోనే పని చేస్తుంది. దారం కొనుక్కొస్తానని దానికి అబద్ధం చెప్పి, మధ్యాహ్నం ఆటకి బయల్దేరింది. ఆకాశంలో మబ్బు తునక లేదు, ఆవిడ మాత్రం గొడుగేసుకుని మొహం కప్పుకుని నడిచింది. ఎండకనుకున్నా, టికెట్ల కిటికీ ముందు నీడలో కూడా గొడుగు దించకపోతే ఎవరైనా చూడరూ? లోపలున్నవాడు వంగి చూశాడు. ఖర్మ కాలి ఆవిడ దగ్గర బ్యాగు బాగుచేయించుకున్నవాడే.

"జిప్పులక్కా! తల!" అన్నాడు పళ్ళికిలించి. "ఇక్కడేం జిప్పులు పోలేదే?"

"పని మీద వచ్చాలే. టికెట్టివ్వు."

"సినిమాకి పనేంటక్కా?"

"నీకు ఆరాలెక్కువ. ఇస్తావా, పొమ్మంటావా?"

లోపల కూర్చుంది. మొదట్లో ఆవిడకి అంతా గందరగోళంగానే ఉంది. చీకటి, వాన, అరుపులు, ఎవరు ఎవర్ని తంతున్నారో తెలీదు. రక్తం కనబడ్డప్పుడల్లా కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. పాస్టరుగారి మాట అక్షరాలా నిజమనుకుంది, లేచిపోదామనీ అనుకుంది. అంతలో ఆ ముసుగోడు ఎందుకు ముసుగేసుకున్నాడో చూపించారు. వాడి తమ్ముణ్ణి ఒక పెద్దమనిషి కారు గుద్దింది. గుద్ది ఆగలేదు.

జిప్పులక్క కొంగు దించింది.

చివర్లో ఆ పెద్దమనిషి బురదలో వెల్లకిలా పడి ఉన్నాడు. ముసుగోడు వాడి పీక మీద బూటు పెట్టాడు. వాడు దణ్ణాలు పెడుతున్నాడు. ముసుగోడు ఆగాడు, తొక్కనా వద్దా అన్నట్టు. హాలంతా ఊపిరి బిగబట్టింది. అప్పుడు వినబడింది ఒక ఆడగొంతు:

"తొక్కు!"

ఎవరా అని ఆవిడే చుట్టూ చూసింది. పక్క సీటాయన ఆవిడ వైపు తిరిగి "బాగా అన్నావు పెద్దమ్మా!" అన్నాడు. తెర మీద వాడు తొక్కాడు. జనం ఈలలు వేశారు. ఆవిడ అరచేతులు రెండూ కుర్చీ చేతుల్ని పట్టుకుని ఉన్నాయి. ఒంట్లో ఏదో హాయి, ఎన్నేళ్ళనుంచో తీరని దాహం తీరినట్టు. ఆ హాయికే ఆవిడ హడలిపోయింది. గొడుగు సీటు కిందే మర్చిపోయి ఇంటికొచ్చింది.

ఇలాంటివి చెప్పుకోవడానికి ఆవిడకి ఒకే ఒక్క మనిషి ఉంది. నర్సు వదిన. చుట్టరికం ఏమీ లేదు, ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు వదినా అనుకుంటారు, అంతే. బుధవారం సాయంత్రం ఆసుపత్రి డ్యూటీ దిగి, వంగి, ఆ మెట్ల కిందికి వచ్చి కూర్చునేది. మనసులో ఉన్నది ఒకళ్ళకొకళ్ళు చెప్పుకోవడం, చేతులు పట్టుకుని ప్రార్థన చేసుకోవడం, టీ తాగి వెళ్ళడం. జిప్పులక్క భర్త పోయినప్పట్నుంచి ఒక్క బుధవారం తప్పలేదు. నర్సు వదిన తన మొగుడి తాగుడు గురించి, తోడికోడలి మీద తను పెట్టుకున్న కుళ్ళు గురించి అన్నీ ఆ స్టూలు మీదే చెప్పింది. ఒక్క ముక్క కూడా జిప్పులక్క నోటినుంచి బయటికి రాలేదు. ఆ మెట్ల కింద అన్నది ఆ మెట్ల కిందే ఉండాలని వాళ్ళ ఒప్పందం.

ఆ బుధవారం నర్సు వదిన తన డ్యూటీ సంచి కూడా తెచ్చింది. నల్లది, భుజానికి తగిలించుకునేది. జిప్పు పట్టడం లేదు. జిప్పులక్క చివరున్న బిళ్ళ పీకి, రన్నరు బయటికి లాగింది. ఆ బిళ్ళ రన్నరు జారిపోకుండా అడ్డుండే చిన్న ఇనుప ముక్క. జిప్పు రెండు వైపులా నోరు తెరుచుకుని పడుంది. దాని మీద చూపు పెట్టుకునే చెప్పుకొచ్చింది.

"వదినా, నేను క్షమించలేదే."

"ఎవర్ని?"

"లారీవాణ్ణి. ఇన్నాళ్ళూ క్షమించాననే అనుకున్నా. ఒట్టు, అబద్ధం చెప్పలేదు. కానీ వాడు దొరికితే... నేనే తొక్కుతానే వదినా. సినిమాలో చూశాక తెలిసింది."

నర్సు వదిన ఆవిడ తల ఒళ్ళోకి తీసుకుంది. ఇద్దరూ ఏడ్చారు. "దేవుడున్నాడు వదినా, నేనున్నాను" అంది. ప్రార్థన చేసి వెళ్ళింది. జిప్పులక్కకి గుండె మీంచి బండ దించినట్టయింది.

శుక్రవారం స్త్రీల ప్రార్థన కూటం. ఆ కూటంలో ఒక పద్ధతుంది. ఎవరికి ఏ బాధ ఉన్నా ప్రార్థన అంశమని చెప్తారు, అందరూ కళ్ళు మూసుకుని దాని కోసం ప్రార్థిస్తారు. తన బాధ కాకపోతే పేరెత్తకూడదు. "ఒక సహోదరి" అనాలి. ఆ ఒక్క నియమం పాటిస్తే ఇంకేం చెప్పినా చెల్లుతుంది. ఎవరి కోడలు ఎవరితో మాట్లాడ్డం లేదో, ఎవరి పిల్లకి సంబంధం తప్పిపోయిందో అంతా ఆ చాప మీదే తెలుస్తుంది, కళ్ళు మూసుకుని. జిప్పులక్క కూడా ఎన్నోసార్లు ఎవరెవరి కోసమో ఏడ్చింది అక్కడ.

ఆ రోజు నర్సు వదిన గొంతెత్తింది.

"ప్రభువా, మా మధ్య ఒక సహోదరి ఉంది. పైకి నీ బిడ్డలాగే కనబడుతుంది, లోపల నలిగిపోతోంది."

"అవును ప్రభువా, కనికరించు" అంది జిప్పులక్క అందరికంటే గట్టిగా. పాపం ఎవరో అనుకుంది.

"చూడకూడని చీకటి సినిమా చూసింది ప్రభువా. శత్రువైన సాతాను ఆ తెర మీంచి ఆమె గుండెలోకి దూరాడు."

"విడిపించు ప్రభువా, ఆమెన్!" అంది జిప్పులక్క, ఈసారి అంత గట్టిగా కాదు.

"ఇన్నేళ్ళూ క్షమించానని సాక్ష్యం చెప్పింది. ఆ లారీ డ్రైవరు మీద పగ ఇంకా ఆమె కడుపులో..."

లారీ.

జిప్పులక్క కళ్ళు తెరిచింది. ప్రార్థనలో కళ్ళు తెరవడం అదే మొదటిసారి. చూస్తే చాప మీద ఒక్కరి కళ్ళూ మూసుకుని లేవు. అందరూ ఆవిడనే చూస్తున్నారు. ఆవిడ చూడగానే అందరి రెప్పలూ టపటపా మూతపడ్డాయి. నర్సు వదిన ఒక్కతే నిజంగా కళ్ళు మూసుకుని, బుగ్గల మీద కన్నీళ్ళు కారుతుండగా, ఇంకా ప్రార్థిస్తూనే ఉంది.

ఎలా ఇల్లు చేరిందో తెలీదు. కూతురు అప్పటికే గుమ్మంలో నిలబడి ఉంది. కళ్ళజోడు చేయించుకోవడానికి వచ్చిన ఒకావిడ, కూటం నుంచి తిన్నగా దుకాణానికే వచ్చినావిడ, "మీ అమ్మ కోసం ప్రార్థిస్తున్నాం తల్లీ" అని భుజం తట్టి వెళ్ళిందట.

"దారం బాగా దొరికిందా అమ్మా?" అంది కూతురు.

జిప్పులక్క మంచం మీద కూర్చుండిపోయింది. "నువ్వూ మొదలెట్టకే" అంది.

"సినిమా చూస్తే చూశావు, నాకేం బాధ! నాన్నని గుద్దినవాడి మీద నాకు కోపం పోవట్లేదని ఏడ్చినప్పుడల్లా నువ్వేం చేశావ్? మోకాళ్ళ మీద కూర్చోబెట్టావు. 'నేను క్షమించలేదూ, నీకేమొచ్చింది' అన్నావు. ఈ ఇంట్లో చెడ్డదాన్ని నేనొక్కదాన్నే అనుకుంటూ పెరిగాను. నీకూ పోలేదని నాకు చెప్పకుండా ఆవిడకెందుకు చెప్పావమ్మా?"

తనని ఎవరో వెన్నులో పొడిచారని ఏడుస్తూ వచ్చిన మనిషికి, తన చేతిలో కూడా కత్తి కనబడితే ఎలా ఉంటుంది? కూతురు కాసేపటికి మెత్తబడి పక్కన చేరింది. ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఆ లారీవాణ్ణి మొదటిసారి ఇద్దరూ కలిసి, పక్కపక్కనే కూర్చుని, తనివితీరా తిట్టుకున్నారు. అది మాట్లాడుకోవడం కిందికి వస్తే వచ్చినట్టే.

శనివారం పొద్దున్నే అయ్యగారు బల్ల దగ్గరికి వచ్చారు. ఆవిడ "తల" అనడం మర్చిపోయింది. ఆయన నుదురు కొట్టుకుని, రుద్దుకుంటూ కూర్చున్నారు. మంచి మనిషే. మాట ఎలా మొదలెట్టాలో తెలీక బల్ల మీది రన్నర్లు కదిపారు.

"మీకెవరు చెప్పారండి అయ్యగారూ?" అంది ఆవిడే.

"చెప్పడమేంటక్కా. మీ కోసం ప్రార్థించమన్నారు."

"ఎవరు?"

"చాలామంది."

ఆవిడ నవ్వింది, నవ్వులా లేదది. "చూడకుండా చెప్పలేక చూశానండి. పిల్ల అడిగింది. చూశాను కాబట్టే పిల్లల్ని వెళ్ళొద్దని గట్టిగా చెప్పగలను ఇప్పుడు."

"అది నాకర్థమవుతుందక్కా. కానీ నేనేమో చూడొద్దని పల్పిట్ ఎక్కి ప్రసంగంలో చెప్తిని. మీరేమో చూసి వస్తిరి. రేపు తల్లిదండ్రులు నన్నే అడుగుతారు కదా?"

"ఆ సినిమా నాలో పగ పెట్టలేదండి అయ్యగారూ. ఉన్నదాన్ని చూపించింది."

"కావచ్చు. అన్నీ చూపించుకోవాల్సిన అవసరం మనిషికి లేదేమో. గాయం ఉందని తెలుసుకోవడానికి దాన్ని కెలుక్కోవాలా?" అన్నారు. అది కొట్టిపారేసే మాట కాదు. ఆవిడా కొట్టిపారేయలేదు. "కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోండక్కా. క్లాసు గురించి బెంగ పెట్టుకోకండి."

"ఎవరు చెప్తారండి పిల్లలకి?"

అయ్యగారు లేచి, ఈసారి జాగ్రత్తగా వంగారు. "మీ నర్సు వదినగారే ఒప్పుకున్నారు" అన్నారు.

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏంటో ఆవిడకి అప్పుడు తెలిసింది. సాయంత్రం నర్సు వదిన బొమ్మల కోసం వచ్చినప్పుడు కూడా ఆ మంట దిగలేదు. వదిన మొహం వాచి ఉంది. ఏడ్చిన మొహమే. అది ఇంకా ఒళ్ళు మండించింది.

"నేను పేరెత్తానా వదినా? ఒక్కసారైనా నీ పేరెత్తానా?"

"లారీని ఎత్తావు కదే."

"లోకంలో ఎన్ని లారీలు లేవు!"

"మన సంఘంలో లారీ కింద మొగుణ్ణి పోగొట్టుకున్నదాన్ని నేనొక్కదాన్నే కదే వదినా! దానికన్నా నా పేరు చెప్పుంటే నయం. 'ఫలానావిడ' అని పోయేది. ఇప్పుడు 'ఆ సహోదరి' అయిపోయాను."

"నీ కోసం ఉపవాసం ఉన్నానే. నిన్నట్నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు."

"నేను నీకు చెప్పిన రోజు నువ్వు చేశావుగా ప్రార్థన, నా చెయ్యి పట్టుకుని. అది చాల్లేదా దేవుడికి? సాక్షి సంతకాలు కావాలన్నాడా?"

నర్సు వదిన స్టూలు మీద కూలబడింది. "నాకు భయమేసింది వదినా" అంది చివరికి, చిన్నగా. "నువ్వు... నువ్వే అలా అంటే, ఇంక నా సంగతేంటి? ఒక్కదాన్నే మొయ్యలేకపోయాను."

"నీ మొగుడి తాగుడు నేను ఒక్కదాన్నే మోశాను" అంది జిప్పులక్క. "నీ తోడికోడలి సంగతీ మోశాను. బరువని ఎక్కడైనా దించానా? క్లాసు కూడా ఒప్పుకున్నావు."

"పిల్లలు ఖాళీగా కూర్చుంటారని..."

"తీసుకెళ్ళు."

బొమ్మల పెట్టె బల్ల మీదికి తోసింది. నర్సు వదిన దాన్ని ఎత్తుకుని, పైన మేకుకి వేలాడుతున్న తన నల్ల సంచి వైపు చూసింది. అడగలేదు. ఈవిడా ఇవ్వలేదు. అప్పటికి దానికి కొత్త రన్నరు పడలేదు.

ఆదివారం జిప్పులక్క చర్చికి వెళ్ళకుండా ఉండలేకపోయింది. వెనకాల బెంచీ చివర కూర్చుంది. పక్కగది తలుపు ఓరగా తీసే ఉంది, గొంతులు వినబడుతున్నాయి. కథ చివరికొచ్చింది. "తల తీయండి టీచర్!" అని పిల్లలు మొదలెట్టారు. ఆ "టీచర్" అన్న మాట ఇంకొకరికి వెళ్తుంటే వినడం ఎంత కష్టమో! ఆ తర్వాత గోల మారింది. "గట్టిగా లాగండి టీచర్... అటు కాదు టీచర్..." జిప్పు ఇరుక్కుంది. జిప్పులక్క చెయ్యి తనకి తెలీకుండానే చేతిసంచిలోని కొవ్వొత్తి ముక్క కోసం వెళ్ళింది. వెళ్ళి ఆగింది.

కాసేపటికి ప్రశ్నల పిల్ల తాటిచెట్టంత మనిషిని చంకలో పెట్టుకుని బెంచీ దగ్గరికి వచ్చింది.

"తల రావట్లేదు టీచర్. మిమ్మల్ని అడిగి రమ్మన్నారు."

ఆవిడ బొమ్మని ఒళ్ళో పెట్టుకుంది. లోపలి దారప్పోగు పళ్ళ మధ్య పడింది. గోటితో లాగితే వచ్చేస్తుంది, చిటికెలో పని. లాగలేదు.

"రాకపోతే ఉండనీ అమ్మా. ఇవాళ్టికి వాడి తల వాడికే ఉండనీ."

పిల్ల కదల్లేదు. "చూసొచ్చి చెప్తానన్నారు కదా టీచర్. చూశారంట కదా. మా అమ్మ చెప్పింది."

మీ అమ్మే కాదు, అందరి అమ్మలూ చెప్పుంటారు అనుకుంది. పిల్లని పక్కన కూర్చోబెట్టుకుంది.

"చూశాను. నువ్వు చూడకు."

"బాగోదా?"

"బాగుంటుంది. అందుకే చూడొద్దంటున్నా. వాడు కొడుతుంటే మనకి ఒళ్ళంతా హాయిగా ఉంటుంది. ఎవరి మీదో ఉన్న కోపమంతా తీరిపోయినట్టుంటుంది. ఇంటికొచ్చాక చూసుకుంటే తీరదు, రెట్టింపవుతుంది. ఆ హాయి నీకు ఇప్పుడే రుచి తెలియకూడదమ్మా. నేను కూడా ఈ తల తీసి తీసి మీకు అదే నేర్పానేమో, తెలీదు."

"మరి పెద్దయ్యాక చూడొచ్చా?"

"పెద్దయ్యాక నువ్వే చూసుకో. ఒక్కదానివే మాత్రం వెళ్ళకు. లోపల ఏం కనబడినా చెప్పుకోవడానికి ఒక మనిషి ఉన్నప్పుడే వెళ్ళు."

"ఎవరు టీచర్? ఎలాంటి మనిషి?"

జిప్పులక్క పక్కగది తలుపు వైపు చూసింది. ఎన్నో ఏళ్ళుగా ఆ ప్రశ్నకి ఒకే ఒక్క జవాబు ఉండేది ఆవిడ దగ్గర. అది పక్కగదిలో పిల్లలకి పాట నేర్పుతోంది.

"వెళ్ళమ్మా, క్లాసయిపోతుంది" అంది.

తర్వాత బుధవారం వచ్చింది. స్టూలు ఖాళీగానే ఉంది. ఆవిడ మేకు మీది నల్ల సంచి దించి, పని ముందేసుకుంది. వదిన ఆసుపత్రికి ప్లాస్టిక్ కవరులో సామాన్లు పట్టుకెళ్తోందని కూతురు చూసొచ్చి చెప్పింది. "ఇచ్చెయ్యమ్మా, దాని మొహం చూడకుండా గుమ్మంలో పడేసి రా" అంది కూడా. కొత్త రన్నరు ఎక్కించింది. కొవ్వొత్తి రుద్దింది. వెన్నలా నడుస్తోంది. బల్ల మీద గుడ్డ కప్పి, సంచి భుజానికి తగిలించుకుని బయల్దేరింది.

వదిన ఇంటి సందు మొదట్లో ఆగింది. అక్కణ్ణుంచి వంటింటి కిటికీ కనబడుతుంది. గిన్నెలు కడుగుతున్న చప్పుడు. అప్పుడు చెయ్యి జిప్పు మీదికి వెళ్ళి చివరిదాకా లాగింది, అలవాటుగా. రన్నరు జారి చేతిలోకొచ్చేసింది. బిళ్ళ పెట్టడం మర్చిపోయింది. జిప్పుల పనిలోకొచ్చాక ఎప్పుడూ మర్చిపోని పని.

రన్నరు మళ్ళీ పళ్ళ మీదికి తోసేసి, బిళ్ళ లేకుండా అలాగే ఇచ్చెయ్యొచ్చు. రేపో ఎల్లుండో ఆసుపత్రి వరండాలో అందరి ముందూ ఊడి చేతికొస్తుంది. సంచిలోవన్నీ కింద పడతాయి, అందరూ చూస్తారు. ఎవరూ జిప్పులక్క పేరెత్తరు. ఆ ఆలోచన ఎంత హాయిగా ఉందో చూసుకుని ఉలిక్కిపడింది. సినిమా హాల్లో కూర్చున్నట్టే ఉంది.

వెనక్కి తిరిగి బల్ల దగ్గరికొచ్చింది. బిళ్ళ వెతికింది, దొరికింది. పట్టకారు పట్టుకుంది. అంతలో మెట్ల మీంచి ఎవరో సూట్‌కేసు పట్టుకుని దిగి, వంగకుండా లోపలికి రాబోయారు.

"తల!" అంది.

బిళ్ళ మళ్ళీ డబ్బాలో పడేసి, నల్ల సంచి మేకుకి తగిలించి, సూట్‌కేసు ముందుకి లాక్కుంది. ఆ నల్ల సంచి ఇంకా ఆ మేకుకే ఉంది. ఎవరైనా అడిగితే "ఇచ్చెయ్యాలి, ఇవాళ వెళ్తా" అంటుంది.